రైల్వే వాళ్ళు పట్టుకుపోయిన ఫ్రెంచి ఓడ

మా గనిలో పనిచేసి దిగిపోయిన వాళ్ళని కదిలిస్తే అందరూ ఒకే రకం కథలు చెబుతారు. ఒకాయనకి ఘాట్ రోడ్డులో డంపరు బ్రేకులు పోయాయి. ఇంకొకాయనకి కొండ మీద ఎలుగుబంటి ఎదురైంది. నేను వింటుండగానే ఆ ఎలుగుబంటి ఏడాదికో జానెడు పెరుగుతూ వచ్చింది. నా దగ్గర అలాంటివేం లేవు. నాకున్నది ఒక ఫిర్యాదు. దాన్ని మా సాబ్‌కి చెప్పాను, స్టేషన్ మాస్టరుకి చెప్పాను, యూనియన్ వాళ్ళకి చెప్పాను, ఇంట్లో మా ఆవిడకి అన్నం తింటున్నప్పుడల్లా చెప్పాను. ఎక్కడా న్యాయం జరగలేదు. ఇంక మిగిలింది కొత్తగా నౌకరీలో చేరిన మీరే. కాబట్టి వినండి.

బైలాడిలా కొండ కింద మా గని వర్క్‌షాపులో నేను వడ్రంగిని. ఇనుప గనిలో వడ్రంగికేం పని అని అడగకండి. అప్పట్లో ఆ మాట అడిగిన వాళ్ళందరి మొహాలూ నాకింకా గుర్తున్నాయి. ఇంజను కిందకి దింపితే దాని కింద పెట్టే దిమ్మలెవరు చేస్తారు? కాంక్రీటు పోయడానికి చెక్కపెట్టెలెవరు కడతారు? లారీ తొట్టికి అడుగుపలకలెవరు వేస్తారు? ఇవి కాక ఆఫీసర్ల మంచాలు, ఆఫీసర్ల పిల్లల ఉయ్యాలలు, ఒక ఆఫీసరు గారి చిలకకి పంజరం. ఆ పంజరం తలుపు గట్టిగా ఉందని ఆయన రెండుసార్లు వెనక్కి పంపారు. చిలక మాత్రం ఏమీ అనలేదు.

గనికి పెద్ద యంత్రాల భాగాలు విదేశాల నుంచి చెక్కపెట్టెల్లో వచ్చేవి. ఆ పెట్టెల చెక్క మన అడవుల్లో దొరికేది కాదు. తెల్లగా, తేలిగ్గా, చిత్రిక పడితే వెన్నలా లేచేది. మిగతా వాళ్ళు దాన్ని పొయ్యిలో పెట్టేవాళ్ళు. నేను ఒక్కొక్క పలకా ఏరి షెడ్డు వెనక పేర్చుకునేవాణ్ణి. దేనికి అంటే చెప్పలేను. మంచి చెక్క కాలిపోతుంటే చూడలేని జబ్బు నాకు.

ఆ పెట్టెలు విప్పే స్టోర్సులో ఒక పెద్దాయన ఉండేవాడు. విశాఖపట్నం మనిషి. నేవీలో పనిచేసి, అక్కణ్ణించి రిటైరై, మళ్ళీ మా గనిలో చేరాడు. మేమంతా నేవీ బాబాయి అనేవాళ్ళం. సముద్రానికి అంత దూరంలో, చుట్టూ సరయి చెట్ల, అంటే మన గుగ్గిలం చెట్ల, అడవి ఉన్నచోట, ఆయన నోరు తెరిస్తే ఓడలు. అందులోనూ తెరచాప ఓడలు. అందులోనూ ఫ్రెంచి ఓడలు.

"ఫ్రెంచివాడు కట్టాలిరా, ఇంగ్లీషువాడు ఎక్కాలి" అనేవాడు టిఫిను డబ్బా విప్పుతూ. "ఆ రోజుల్లో ఫ్రెంచి యుద్ధనౌక దొరికిందంటే ఇంగ్లీషువాళ్ళకి పండగే. ముంచేవాళ్ళు కాదు. పట్టుకుని, లాక్కొచ్చి, రేవులో పెట్టి బాగుచేసుకుని, వాళ్ళ జెండా ఎగరేసి, వాళ్ళ దళంలోనే కలిపేసుకునేవాళ్ళు. కొలతలు తీసుకుని అలాంటివే కట్టించుకునేవాళ్ళు కూడా. ఆ ఓడకి నన్ను వేయండంటే నన్ను వేయండని కెప్టెన్లు పోటీపడేవాళ్ళు."

"మరి కట్టిన వడ్రంగి సంగతేంటి బాబాయ్?"

"వడ్రంగి పేరు ఎవడు రాసుకుంటాడు? ఓడ పేరు మాత్రం చాలాసార్లు మార్చేవాళ్ళు కాదు. ఫ్రెంచి పేరుతోనే ఇంగ్లీషు జెండా కింద కొలువు చేసేది. ఒక్కోసారి తను పుట్టిన రేవు మీదకే యుద్ధానికి వెళ్ళేది."

వడ్రంగి పేరు ఎవడూ రాసుకోడన్న మాట నాకు ముల్లులా దిగింది. ఆ ముల్లు ఇంకా అలాగే ఉంది, చూపించమంటే చూపిస్తాను.

ఆగస్టు పదిహేనుకీ, జనవరి ఇరవయ్యారుకీ మా టౌన్‌షిప్పు మైదానంలో ఝాంకీలు తీసేవాళ్ళు. మీరు శకటాలు అంటారు. వర్క్‌షాపు ఒకటి, ఆసుపత్రి ఒకటి, బడి ఒకటి, రైల్వే కాలనీ ఒకటి, ఇలా ఎవరికి వారు ట్రాక్టరు మీద ఏదో ఒకటి కట్టి ఊరేగించడం, ఒకరికి ప్రైజు. ఆ ఏడు మా వంతు పని నా మీద పడింది. మా వర్క్‌షాపు ఇంజనీరు బిలాస్‌పూర్ వైపు మనిషి. ఆయన్ని మేం సాబ్ అనేవాళ్ళం. "కుఛ్ అచ్ఛా బనావో" అన్నారు. అంతే. మంచిదేదైనా చెయ్యమట, ఏమిటో చెప్పలేదు. షెడ్డు వెనక నా పెట్టెల చెక్క ఉంది. చెవిలో నేవీ బాబాయి ఉన్నాడు. ఫ్రెంచి యుద్ధనౌక మొదలుపెట్టాను.

డ్యూటీ అయ్యాక రోజూ దాని మీదే కూర్చునేవాణ్ణి. ట్రాక్టరు ట్రాలీ పొడవు ఓడ. పక్క పలకలని ఆవిరి పట్టి వంచాను. పాత నీటి పైపు ముక్కలు ఫిరంగులయ్యాయి. చిరిగిన టార్పాలిన్లు తెరచాపలయ్యాయి. నడిమి స్తంభానికి మాత్రం ఒక్కటే సరయి కొయ్య, నిలువునా, అతుకు లేకుండా. అసలు ఓడల్లో స్తంభం అలా ఉండదని నేవీ బాబాయి ఏదో చెప్పబోయాడు. అతుకు వడ్రంగికి అవమానం అని ఆయన నోరు మూయించాను.

"సరే, పేరు పెట్టు" అన్నాడు. "పేరు లేని ఓడ అనాథ. ఓడలు ఆడవాళ్ళు, ఆడపేరు పెట్టు."

నాకు ఫ్రెంచి ఆడపేర్లు ఎక్కడ తెలుస్తాయి? నాకు తెలిసిన ఆడపేరు ఒక్కటే. వెనక టేకు పలక మీద, ఓడల పేర్లు ఉండేచోట, మా ఆవిడ పేరు తెలుగు అక్షరాల్లో చెక్కాను. రంగు వేసినా మూసుకుపోనంత లోతుగా. ఆ పేరేమిటో ఇక్కడ చెప్పను. ఇప్పటికే అది పడవలసిన తిప్పలు పడింది.

ఆవిడని తీసుకెళ్ళి చూపించాను. చుట్టూ తిరిగి చూసింది. పొంగిపోతుందనుకున్నాను.

"ముందు అంత చోటుండగా నా పేరు వెనక్కెందుకు తోసీసినారు?" అంది.

ఆగస్టు పదిహేను వచ్చింది. మా ఓడ మైదానంలోకి వచ్చేసరికి జనం నోళ్ళు తెరిచారు. దంతెవాడ నుంచి జీపుల్లో వచ్చిన వాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. సముద్రం చూడని పిల్లలు తెరచాపల కింద పరుగెత్తారు. ప్రైజు ఎవరికి ఇచ్చారో తెలుసా? ఆసుపత్రి వాళ్ళ దోమకి. కాగితం గుజ్జుతో చేసిన దోమ. కాళ్ళు కదిలాయట. "ఇనుప గనికీ ఫ్రెంచి ఓడకీ సంబంధమేంటి?" అన్నారట న్యాయనిర్ణేతల్లో ఒకాయన. దోమకి సంబంధమేంటని నేను అడిగాను. మలేరియా అందరికీ వచ్చిందన్నారు. ఆ మాట నిజమే, నాకూ వచ్చింది.

ఓడని వర్క్‌షాపు వెనక టార్పాలిన్ కప్పి పెట్టాను. ఇప్పుడు మా బావ కథలోకి వస్తాడు.

మా ఆవిడకి సొంత అన్నయ్య. రైల్వేలో వ్యాగన్ల ఫిట్టరు. మా కొండ కింద ఖనిజం ఎక్కించుకుని విశాఖపట్నం పోయే బళ్ళని యార్డులో తట్టి చూసి పంపే ఉద్యోగం. శ్రీకాకుళం నుంచి నాకంటే ముందు బస్తరు వచ్చినవాడు. నాకు ఉద్యోగం సంగతి చెప్పింది ఆయనే, పిల్లనిచ్చిందీ ఆయనే. ఆ రెండింటినీ ఆయన ఎప్పుడూ మరచిపోలేదు, నన్నూ మరచిపోనివ్వలేదు.

డిసెంబరులో ఒక ఆదివారం భోజనానికి వచ్చాడు. విశాఖపట్నం బండిలో వచ్చిన ఎండుచేపల కూర రెండోసారి వడ్డించుకుంటూ, ఊరికే అడిగినట్టు అడిగాడు.

"ఏటి బావా, ఆ పడవ ఎక్కడ పెట్టినావు?"

"షెడ్డు వెనక. అది పడవ కాదు, యుద్ధనౌక."

"అలాగే. ఎండకీ మంచుకీ ఉంచీసినావా? పాపం, మా చెల్లి పేరున్న వస్తువు."

నాకు అనుమానం రాలేదు. చేపల కూర తింటున్న మనిషిని ఎవరు అనుమానిస్తారు?

తర్వాత వారం నాకు కొండ మీద డ్యూటీ పడింది. క్రషరు దగ్గర కాంక్రీటు పోయడానికి చెక్కపెట్టె కట్టాలి. మధ్యాహ్నం అన్నానికి కూర్చుని కిందకి చూస్తే, లోయలో మా టౌన్‌షిప్పు రోడ్డు మీద ఏదో పాకుతోంది. రైల్వే గ్యాంగు కూలీలు పాట పాడుకుంటూ తాళ్ళు పట్టి లాగుతున్నారు. ఎవరో మూర్ఖులు ఎర్రమట్టి రోడ్డు మీద ఓడ లాగుతున్నారే అనుకుని నవ్వాను. పక్కనున్న వాణ్ణి పిలిచి చూపించాను కూడా. అప్పుడు టార్పాలిన్ ఒక పక్క జారింది. అటువంటి ఓడ ఆ దేశంలో ఇంకోటి ఎక్కడుంది? కిందకి బస్సు షిఫ్టు దిగాకే. నా ఓడ నా కళ్ళ ముందే వెళ్ళిపోతుంటే చేతిలో ముద్ద పట్టుకుని చూస్తూ కూర్చున్నాను.

సాయంత్రం సాబ్ దగ్గరకి పరుగెత్తాను.

"వో కబాడ్? తుమ్హారా సాలా మాంగ్‌నే ఆయా థా. మైనే బోలా, లే జావ్" అన్నారు. పాత సామాను కదా, నీ బామ్మర్ది అడిగాడు, ఇచ్చేశాను అని. మరచిపోకండి, నా ఓడని కబాడ్ అన్నారు.

యార్డుకి వెళ్తే బావ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఇదేం పని బావా? చెప్పకుండా ఎత్తుకుపోతావా?"

"నువ్వు మా చెల్లిని ఎత్తుకుపోయినప్పుడు నానేటైనా అన్నానా?"

"ఎత్తుకుపోలేదు. నువ్వే ఇచ్చావు."

"ఇదీ మీ సాబే ఇచ్చీసినాడు. లెక్క సరి."

జనవరి ఇరవయ్యారున రైల్వే కాలనీ ఝాంకీ మైదానంలోకి వచ్చింది. ఇంగ్లీషు కంపెనీవాళ్ళు మన దేశానికి రావడం, మనవాళ్ళు తరిమికొట్టడం దాని కథ. నా ఫ్రెంచి ఓడకి వ్యాగన్లకేసే ఎర్రరంగు పులిమి, ఇంగ్లీషు జెండా ఎగరేశారు. ముందు భాగాన బ్యాండు వాళ్ళ కోటు తొడుక్కుని, మొహానికి టాల్కం పౌడరు పట్టించి, మా బావ ఇంగ్లీషు కెప్టెనుగా నిలబడ్డాడు. కాలనీ కుర్రాళ్ళు ఎక్కి ఆ జెండా దించి మన జెండా ఎగరేసేసరికి మైదానం దద్దరిల్లింది. మొదటి ప్రైజు. మైకులో "రేల్వే కే కారీగరోం కా కమాల్" అన్నారు. రైల్వే పనివాళ్ళ అద్భుతమట!

కానీ నన్ను కాల్చింది అది కాదు. నా నడిమి స్తంభం సగానికి పైగా తెగిపోయి ఉంది. నిలువెత్తు సరయి కొయ్య, అతుకు లేని కొయ్య, రంపంతో కోసేశారు. పొట్టి స్తంభంతో ఓడ తోక తెగిన కోడిలా ఉంది.

నా పక్కన నేవీ బాబాయి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతున్నాడు.

"నవ్వుతావేంటి బాబాయ్?"

"చరిత్రరా! అచ్చం చరిత్ర! పట్టుకున్నారు, రంగు మార్చారు, స్తంభం మార్చారు, జెండా మార్చారు. వెనక చూడు."

చూశాను. ఎర్రరంగు కింద మా ఆవిడ పేరు అలాగే ఉంది. పైగా అక్షరాలకి తెల్లరంగు దిద్దారు.

"పేరు మార్చలేదు. అది ఓడకిచ్చే మర్యాద" అన్నాడు బాబాయి.

ఇంటికొచ్చి మా ఆవిడతో పోట్లాడాను. బావ ఆమె అన్నయ్య కాబట్టి ఆమెదే బాధ్యత అని నా వాదన. ఆమె బియ్యం ఏరుతూ అంతా విన్నది.

"ఆ ఓడకి ఇంత బెంగ పెట్టుకున్నారు. నా సంగతి ఎప్పుడైనా ఆలోచించారా? మా ఊరి రేవులో పుట్టి, మీ జెండా కింద ఇన్నేళ్ళుగా కొలువు చేస్తన్నాను. రంగు మార్చీసినారు, వంట మార్చీసినారు. పేరొక్కటే మిగిలింది."

"నిన్ను నేను పట్టుకొచ్చానా?"

"మరి నానే ఈదుకొచ్చానేటి?" అంది.

ఇక్కడ మా ఇంట్లో ఎవరి పక్షం ఎవరిదో మీకు తెలిసిపోయి ఉంటుంది.

మళ్ళీ ఆగస్టు దగ్గరపడింది. ఈసారి సాబ్ తనే పిలిచారు. కొండ మీది ఖనిజం సముద్రం చేరే దారిని ఝాంకీగా తీయాలట. దానికి ఓడ కావాలట. కబాడ్ అన్న నోటితోనే కావాలన్నారు.

"తెస్తాను సాబ్. కానీ ఓడ ఎవరు కట్టారో మైకులో చెప్పాలి. నా పేరు. వర్క్‌షాపు అని కాదు, కారీగర్లు అని కాదు. నా పేరు."

"బోల్ దేంగే" అన్నారు. చెప్పిస్తారట.

అంతవరకూ నాకు నౌకరీలో ప్రమోషను మీద కూడా అంత ఆశ లేదు. ఆ మైకు మీద పుట్టింది. వడ్రంగి పేరు ఎవడూ రాసుకోడన్నాడు బాబాయి. రాయకపోతే పోనీ, ఒక్కసారి గట్టిగా అంటే చాలు.

బావ దగ్గరకి వెళ్ళాను. కాదంటాడనుకున్నాను. గడ్డం గోక్కుని, "ఆడపిల్లని పంపడానికి మంచిరోజు చూడొద్దేటి?" అన్నాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. ఓడ ఇప్పుడు రోడ్డు మీద కదలదు. యార్డులో ఇటూ అటూ తొయ్యడానికి వీలుగా ఉంటుందని పాత తోపుడు ట్రాలీల ఇనుప చక్రాలు దాని కింద బిగించేశారు. పట్టాలుంటేనే నడుస్తుంది. రైల్వే వాళ్ళకే తట్టే ఆలోచన అది. సముద్రం లేదని ఓడ పట్టాలెక్కించారు.

"మరెలా?"

"యార్డు నుంచి మీ లోడింగు దాకా పట్టాలున్నాయి కదా. మాస్టరు గారిని అడుగుతాను. బండి లేనప్పుడు తోసుకుపోదాం. లోడింగు కాడ మీ ట్రైలరు పెట్టించు."

లోడింగు అంటే వ్యాగన్లలోకి పైనుంచి ఖనిజం పోసే చోటు. అది మా గనిది. అక్కడికి చేరితే ఓడ ఇంటికొచ్చినట్టే.

ఓడ తోసుకుపోయే రోజు పొద్దుట్నుంచి సన్నగా జల్లు. నేను ఊరికే వెళ్ళలేదు. పొడవు తగ్గకుండా కొత్త సరయి స్తంభం తయారుచేసి, ఒక కొస నేను, ఒక కొస నేవీ బాబాయి భుజాన వేసుకుని యార్డుకి మోసుకెళ్ళాం. ఓడ పట్టాల మీద సిద్ధంగా ఉంది. గ్యాంగు కూలీలు చుట్టూ నిలబడి ఉన్నారు. బావ ఆ కొయ్యని చూడగానే మొహం మార్చాడు.

"అదేటి?"

"నువ్వు కోసిన దానికి బదులు. ఇది ఎక్కించాకే కదుల్తుంది."

"లోడింగు కాడ ఎక్కించు."

"ఇక్కడే. కుంటిదాన్ని చేసి మీ వాళ్ళందరికీ చూపించావు. బాగున్నప్పుడు కూడా మీ వాళ్ళే చూడాలి."

"బావా, పైకి చూడు."

పైన రైలింజన్లకి కరెంటు ఇచ్చే తీగ. నేనేం చూడలేదా? అంత ఎత్తున ఉంది. నేను వడ్రంగిని, కంటితో కొలత చెప్పగలను.

"తగలదు" అన్నాను.

"తగలక్కర్లేదు. తడి కొయ్య దగ్గరకొస్తే చాలు. అది ఇంట్లో బల్బు తీగ కాదు. దిగు."

అప్పటికే నేను ఓడెక్కేశాను. కొయ్య మొదలు పాత మొండి స్తంభం పక్కన ఆనించి, కొస పైకి లేపుతున్నాను. కింద నుంచి బాబాయి ఆగమంటున్నాడు. గ్యాంగు వాళ్ళు అరుస్తున్నారు. ఆ అరుపులు నాకు రైల్వే వాళ్ళ కుళ్ళులాగే వినిపించాయి. కొయ్య సగం లేచింది. అప్పుడు వెనకనుంచి ఎవరో నా చొక్కా, బెల్టు కలిపి పట్టుకుని ఒక్క గుంజు గుంజారు. చొక్కా కాలరు నుంచి నడుము దాకా చిరిగింది. నేనూ మా బావా కలిసి ఓడ పక్కనుంచి కంకర మీద పడ్డాం. కొయ్య మా అవతల పడి రెండుగా చీలింది.

జల్లు పడుతోంది. పైన తీగ సన్నగా గుయ్యిమంటోంది. అంతకుముందు ఆ చప్పుడు నాకు వినపడలేదు.

బావ మోచేతులు రెండూ గీసుకుపోయాయి. నా చొక్కా ఇంకా పిడికిట్లోనే ఉంది.

"మా చెల్లికి ఏటని చెప్పమంటావు?" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. "నీ ఓడ తెచ్చాను, మొగుణ్ణి యార్డులో ఒగ్గీసినాను అని చెప్పమంటావా?"

తగిలేది కాదని ఇప్పటికీ నా అభిప్రాయం. తగిలేదని ఆయన అభిప్రాయం. ఈ విషయంలో మా ఆవిడ ఆ రోజు మా ఇద్దరికీ గాయాల మందు రాస్తూ ఇచ్చిన తీర్పు ఏమిటంటే, ఆయనకి మెల్లగా రాసింది, నాకు గట్టిగా రాసింది.

యార్డులోనే అప్పుడు ఇంకో సంగతి జరిగింది. బావ లేచి, దులుపుకుని, షెడ్డులోకి వెళ్ళాడు. దూలాల మీద దాచిన ఒక పొడుగాటి గోనెపట్టా మూట దించి తెచ్చి నా ముందు పెట్టాడు. విప్పితే నా స్తంభం. కోసిన పై ముక్క. నూనె పట్టించి ఉంది, ఎక్కడా బీట లేదు. దాని అడుగున ఇనుప పట్టీ, పట్టీకి చీల. రైల్వే కొలిమిలో చేయించినది. ఓడ మీద మిగిలిన మొండి కొసకి కూడా దానికి సరిపోయే పట్టీ ఉంది. నేను కోపంతో చూస్తున్నానే గానీ అది గమనించలేదు.

"తీగ కిందకి తేవాలంటే కోయక తప్పదు కదా. తీగ లేని చోట మళ్ళీ ఎక్కించుకోవచ్చని ఇలా చేయించాను. జనవరికి పట్టీ అవలేదు" అన్నాడు.

నేవీ బాబాయి వంగి ఆ పట్టీని వేలితో తడిమాడు. తర్వాత నన్ను చూశాడు.

"అసలు ఓడల్లో ఇలాగే ఉంటుందిరా. ఒక కొయ్య మీద ఒక కొయ్య. గాలివాన వస్తే పైది దించుకోవచ్చు. మొదటిరోజే చెప్పబోయాను. అతుకు అవమానం అన్నావు."

చెప్పబోయి ఉండవచ్చు. ఆయన రోజుకి చాలా చెప్పబోయేవాడు.

ఓడని తోసుకుంటూ వెళ్ళాం. బస్తరు అడవిలో, జల్లులో, పట్టాల మీద ఓడ. కట్ట మీద పుట్టగొడుగుల బుట్టలు దించుకుని నిలబడ్డ ఆడవాళ్ళు గోండీలో ఏదో అనుకుని పడీ పడీ నవ్వారు. ఏమన్నారో తెలియదు. తెలియకపోవడమే మంచిదని వదిలేశాను. లోడింగు దగ్గర తీగ లేదు. అక్కడ బావ కింద పట్టుకున్నాడు, నేను పైన పట్టుకున్నాను. ముక్క దిగింది, చీల పడింది. అటూ ఇటూ ఊపి చూశాను. కదల్లేదు. వంక పెట్టడానికి చాలాసేపు వెతికాను. నా జీవితంలో వంక దొరకని అతుకు అదొక్కటే. అదీ నేను పెట్టింది కాదు.

పట్టుకుపోయిన ఓడ చెడిపోయి తిరిగొస్తే తిట్టుకోవచ్చు. బాగుపడి తిరిగొస్తే ఏం చేస్తాం? ఫ్రెంచి వడ్రంగుల బాధ నాకు ఆ రోజు అర్థమైంది.

ఆగస్టు పదిహేనున వాన తెరిపిచ్చింది. మా ఓడ నిలువెత్తు స్తంభంతో, ఎర్రటి ఖనిజం గుట్ట మోసుకుంటూ, మన జెండాతో మైదానంలోకి వచ్చింది. దోమ ఆ ఏడు కూడా వచ్చింది. ఈసారి రెక్కలు కూడా కదిలాయి. అయినా మొదటి ప్రైజు మాకే. నేను కొత్త చొక్కా వేసుకుని, జుట్టు తడిచేసి దువ్వుకుని, మైకు వైపే చూస్తున్నాను. సాబ్ మాట తప్పలేదు, ఆ మాట నేను ఒప్పుకోవాలి. మైకు పట్టుకున్న మనిషితో కట్టినవాడి పేరు చదవమని చెప్పారు. పేరు మాత్రం చెప్పలేదు. ఆ మనిషికి కట్టినవాడి పేరు ఎక్కడ దొరుకుతుంది? ఓడ చుట్టూ చూశాడు. వెనక పెద్ద అక్షరాలు కనిపించాయి. తెలుగు రాదు. పక్కనున్న వాణ్ణి, "యే క్యా లిఖా హై?" అని అడిగాడు.

ఆ పక్కనున్నవాడు మా బావ.

మైదానమంతా నాలుగు మూలలా మా ఆవిడ పేరు మోగింది. ఈ ఓడ కట్టిన కారీగర్ వేదిక మీదకి రావాలి అని. మూడుసార్లు పిలిచారు. ఆవిడ మొదట చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. తర్వాత పక్కింటావిడ తోస్తే లేచింది. తర్వాత నడక మారింది. నా పక్కనుంచి వెళ్తూ నా వైపు చూడను కూడా చూడలేదు. జనరల్ మేనేజరు గారి చేతుల మీదుగా మూడు గిన్నెల స్టీలు క్యారేజీ తీసుకుని, నమస్కారం పెట్టి, చప్పట్ల మధ్య దిగి వచ్చింది.

బావ దగ్గరకి వెళ్ళి నిలదీశాను.

"ఏటి రాసుందని అడిగినాడు. రాసింది చెప్పినాను. అబద్ధం చెప్పమంటావేటి?"

ఆ క్యారేజీలోనే రిటైరయ్యేదాకా నేను అన్నం పట్టుకెళ్ళాను. మూత తీసినప్పుడల్లా నేవీ బాబాయి, "ఓడ కట్టిన కారీగర్ ఏం వండిందిరా ఇవాళ?" అని అడిగేవాడు.

ఆ తర్వాత ఓడ ఇంకొన్ని ఝాంకీలకి తిరిగింది. ఒక ఏడు మాది, ఒక ఏడు రైల్వే వాళ్ళది. ఎవరు ఎవరి దగ్గర పట్టుకున్నారో చివరికి లెక్క తెలియలేదు. వానలూ చెదలూ ఎవరి పక్షమూ కాదు కాబట్టి రెండూ కలిసి దాన్ని తినేశాయి. చెదపట్టిన పలకలు విప్పేటప్పుడు వెనకటి టేకు పలక ఒక్కటే రాయిలా మిగిలింది. దాన్ని పక్కన పెట్టి, గునపం ఇచ్చి వస్తానని వెళ్ళాను. వచ్చేసరికి లేదు.

మీరు ఊహించింది నిజమే. బావ రిటైరై శ్రీకాకుళంలో ఇల్లు కట్టుకున్నాడు. ఆ పలక ఇప్పుడు ఆయన గేటు పైన ఉంది, తెల్లరంగు దిద్దిన అక్షరాలతో. ఆయన ఇంటికి మా ఆవిడ పేరు! నేను ఫోను చేసినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాను.

"వచ్చి పట్టుకుపో బావా" అంటాడు. "పేరైతే మార్చలేదు."

పోయిన నెల ఫోను పెట్టేసి, ఈసారి నిజంగా వెళ్ళి ఊడబెరుక్కొస్తానని ఉలీ సుత్తీ సంచిలో సర్దుకున్నాను. మా ఆవిడ వాకిట్లో కూర్చుని ఆ పాత క్యారేజీ తోముతోంది. తల ఎత్తకుండానే అంది.

"మనిషి మీ దగ్గరే ఉంది కదా. పేరైనా పుట్టింట్లో ఉండనివ్వండి."

సంచి దించాను. ఫిర్యాదు మాత్రం వెనక్కి తీసుకోలేదు.